దెబ్బ ఎలా తగిలింది?



మన క్యాజువాలిటీకి నాచారం, ఉప్పల్, మల్లాపూర్ పారిశ్రామికవాడల నుండి వచ్చేవారు ఎప్పుడూ ఉంటారు. ప్రెస్సు మిషనులో వేలు నలిగినవారు, ఆసిడ్ చిందినవారు, లోడు దించుతూ నడుము పట్టుకున్నవారు. కట్టు కట్టకముందే వారిని మేము అడిగే ప్రశ్న, "దెబ్బ ఎలా తగిలింది?" ఈ నెల పాఠము ఆ ప్రశ్నకు చెప్పే జవాబును గురించి.

కొన్ని సంవత్సరాల క్రిందట ఒక యువకుడిని ఆటోలో తెచ్చారు. కుడిచేతి చూపుడు వేలు మొదలంటా పోయింది. "ఇంట్లో తలుపు సందులో పడింది సిస్టర్, అలాగే రాయండి" అన్నాడు వెంట వచ్చిన సూపర్‌వైజరు. గాయములో నల్లటి గ్రీజు కనబడుతూనే ఉన్నది. కుర్రవానిని అడిగితే సూపర్‌వైజరు వైపు చూసి తల ఊపాడు. మేమూ అలాగే రాశాము. కొన్ని నెలలకు అతని తల్లి వచ్చి, "ఆ మాట మార్చండమ్మా" అని ఏడ్చింది. అంతకాలము తర్వాత దిద్దిన కేసు షీటును ఎవరు నమ్ముతారు? ఆ రోజే సూపర్‌వైజరును బయటికి పంపి అడగవలసినది. ఇప్పుడు అలాగే చేస్తున్నాము.

ఆ ఒక్క మాట విలువ ఎంతో లెక్క చూడండి. ఈ.ఎస్.ఐ. లేని చోట పనిచేసే 25 ఏండ్ల మనిషికి నెల జీతము 15,000 రూపాయలు అనుకుందాము. చూపుడు వేలు పూర్తిగా పోతే సంపాదన శక్తిలో 14 శాతము నష్టము అని చట్టము పట్టికలోనే ఉన్నది. వయస్సును బట్టి లెక్కిస్తే పరిహారము సుమారు 2,73,000 రూపాయలు. బొటనవేలు పోతే నష్టము 30 శాతము. వైద్యానికి అయిన ఖర్చు కూడా యజమానే ఇవ్వాలి. క్లెయిము రెండు సంవత్సరాలలోగా కార్మిక శాఖ అధికారి ముందు వేసుకోవాలి.

1923 నాటి పరిహార చట్టము, 1948 నాటి ఈ.ఎస్.ఐ. చట్టము ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయినవి. అది 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చినది. చట్టము పేరు మారినది గాని హక్కు పోలేదు.

పదిమంది లేక అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట సాధారణంగా ఈ.ఎస్.ఐ. ఉంటుంది. జీతము పరిమితిని 2017 జనవరిలో 21,000 రూపాయలు చేశారు. ఈ.ఎస్.ఐ. ఉన్నవారు పరిహారము యజమానిని కాదు, ఈ.ఎస్.ఐ.నే అడగాలి. వైద్యము నాచారములోని ఈ.ఎస్.ఐ. ఆసుపత్రిలోనే దొరుకుతుంది. పనికి పోలేని రోజులకు సగటు దినవేతనములో 90 శాతము ఇస్తారు. అంగవైకల్యము మిగిలితే మెడికల్ బోర్డు శాతము నిర్ణయిస్తుంది, ఆ ప్రకారము జీవితాంతము నెలనెలా డబ్బు వస్తుంది. పనిలో తగిలిన దెబ్బకు ఇన్ని నెలలు చందా కట్టి ఉండాలనే షరతు లేదు. చేరిన మొదటి రోజున తగిలినా హక్కే. యజమాని పేరు ఎక్కించకపోయినా ఈ.ఎస్.ఐ. చెల్లించి, ఆయన వద్ద వసూలు చేసుకోవచ్చు. ఒడిశా, బీహారుల నుండి వచ్చి కాంట్రాక్టరు క్రింద పనిచేసే తమ్ముళ్ళకు ఈ సంగతి ఎవరూ చెప్పరు. మీ వీధిలో ఉంటే మీరైనా చెప్పండి.

"నీ అజాగ్రత్తే కదా" అని నోరు మూయించేవారున్నారు. మామూలు పొరపాటు వలన హక్కు పోదు. త్రాగి పనిచేయుట, రక్షణ కవచమును కావాలని తీసివేయుట వేరు సంగతి. పని త్వరగా సాగాలని ఆ కవచమును యాజమాన్యమే తీయిస్తే తప్పు ఎవరిది?

కనుక దెబ్బ తగిలిన వెంటనే చోటు, సమయము, మిషను పేరు ఉన్నదున్నట్లు చెప్పండి. ఎం.ఎల్.సి. అనగానే పోలీసులు పట్టుకుపోతారని భయపడవద్దు. ఆ కాగితము మీకే సాక్ష్యము. ఫ్యాక్టరీ ప్రమాదాల రిజిస్టరులో మీ పేరు రాయించండి, చూసిన తోటి పనివారి పేర్లు గుర్తుంచుకోండి.

తెగిన వేలిని మాత్రము పారవేయకండి. నేరుగా ఐసులోనూ వేయకండి. శుభ్రమైన తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో మూతి కట్టి, ఆ కవరును ఐసు మీద ఉంచి మనిషితోపాటే తీసుకురండి. ఆలస్యము కాకుంటే కొన్నిసార్లు తిరిగి అతికించవచ్చును.

డిశ్చార్జి అయ్యే రోజున సమ్మరీలో "దెబ్బకు కారణము" అన్న చోట ఏమి రాశారో చదివించుకోండి. తప్పుంటే అక్కడే, ఆ పూటే డాక్టరుగారికి చెప్పండి.