విశ్వాసమును బలవంతము చేయవచ్చునా?

అధ్యయన పాఠము: క్రైస్తవ్యపు వ్యాప్తి, మధ్యయుగపు తత్వవిచారణ
చదువవలసిన భాగములు: అపొస్తలుల కార్యములు 17:16–34, రోమీయులకు 7:14–25, లూకా 14:15–24



మన నీలం నగర్ వంటి పేటలలో విశ్వాసుల కుటుంబములు ఇప్పుడు మూడవ, నాల్గవ తరమునకు వచ్చినవి. మొదట విశ్వసించిన తాతలు ఇంటివారిచేతను కులమువారిచేతను మాటలుపడి విశ్వసించిరి. మనుమలకు ఆ కష్టము లేదు. సంబంధము కుదిరిన తరువాత, పెండ్లికి ముందు బాప్తిస్మము కావలెనని పెద్దలు చెప్పగా నీటిలోనికి దిగువారు మనలో ఉన్నారు. ఈ సంగతి గుడి బయట గుసగుసలాడుకొందుము గాని, కూర్చుండి ఆలోచించుట తక్కువ. అయితే ఇది నేటి ప్రశ్న కాదు. మనిషి దేనిచేత విశ్వసించును, బుద్ధిచేతనా, చిత్తముచేతనా, భయముచేతనా అని మధ్యయుగపు పండితులు వందల సంవత్సరములు విచారించిరి. ఆ క్యాథలిక్ పండితులతో బాప్టిస్టులకు ఏమి పని అని కొందరు అడుగుదురు. పని ఉన్నది.

పౌలు ఏథెన్సులో ఎపికూరీయులతోను స్తోయికులతోను వాదించెను. వారి ఊరిలోని బలిపీఠమునుండియే తన ప్రసంగమును మొదలుపెట్టెను. ఆ పౌలే కొలొస్సయుల పత్రిక 2:8లో నిరర్థకమైన తత్వజ్ఞానమునుగూర్చి హెచ్చరించెను. ఈ రెండు మాటల మధ్య సంఘము చాలకాలము నడిచినది. యుస్తీను అను ఆయన గ్రీకు తత్వవేత్తల బడులన్నియు తిరిగి, తుదకు ప్రవక్తల గ్రంథములద్వారా క్రీస్తును ఎరిగి, తత్వవేత్తల అంగీని విడువకయే సువార్త చెప్పెను. సుమారు క్రీ.శ. 165లో రోమాలో హతసాక్షి ఆయెను. కార్తేజి నగరపు తెర్తుల్లియను మాత్రము ఏథెన్సుకు యెరూషలేముతో పొత్తు ఏమున్నదని కోపగించెను. అయినను బలవంతముగా భక్తి చేయించుట భక్తి కాదని చెప్పినవాడును, చిన్నపిల్లల బాప్తిస్మమును ఆలస్యము చేయుట మేలని వ్రాసినవాడును ఆయనే.

యుస్తీను వంటివారు మన తెలుగువారిలోను ఉన్నారు. ఒంగోలు ప్రాంతమున తాళ్లకొండపాడు గ్రామపు ఎర్రగుంట్ల పేరయ్య గారు మాదిగ కులమున పుట్టి, తోళ్ల వ్యాపారము చేసుకొనుచు, రాజయోగమార్గమున సత్యమును వెదకినవారు. ఆ వెదకులాటలోనే సువార్త విని, 1866లో బాప్తిస్మము పొందిరి. ఆయనను ఎవరును త్రోయలేదు.

తొలి మూడు వందల సంవత్సరములు క్రైస్తవుడగుట ప్రాణమునకు అపాయము. 313లో కాన్‌స్టంటైను, లికీనియసు చక్రవర్తులు క్రైస్తవులకు స్వేచ్ఛనిచ్చిరి. 380లో థెయొదోసియసు ఆ విశ్వాసమునే రాజ్యపు మతముగా ప్రకటించెను. అప్పటినుండి విశ్వసించుట లాభమైనది, విశ్వసింపకుండుట నష్టమైనది. మధ్యయుగపు తత్వమంతయు ఈ మార్పు తరువాతిదని మరువరాదు.

ఈ కాలపు మనిషి అగస్టీను. 354లో ఉత్తర ఆఫ్రికాలోని తగాస్తె ఊరిలో పుట్టెను. చిన్నతనమున జబ్బుపడినప్పుడు తల్లి మోనికా బాప్తిస్మము సిద్ధము చేసినది గాని, అతడు కోలుకొనగానే దానిని వాయిదా వేసినది. తరువాత అతడు తప్పుడు బోధలలో తిరిగి, తల్లిచేత కన్నీళ్లు పెట్టించి, 386లో మిలాను పట్టణమున మారుమనస్సు పొంది, 387 ఈస్టరునాడు అంబ్రోసుచేత బాప్తిస్మము పొందెను. ఆ తల్లి ప్రార్థించినది గాని పట్టి ముంచలేదు.

అగస్టీను తత్వమునకు ఇచ్చిన గొప్ప సంగతి చిత్తమునుగూర్చినది. మంచి ఏదో తెలిసినవాడు మంచినే చేయును, చెడుతనమునకు మూలము అజ్ఞానము అని సోక్రటీసు కాలమునుండి గ్రీకులు తలంచిరి. రోమా 7 చదివిన అగస్టీనుకు అది చాలలేదు. తెలిసియు చేయలేకపోవుట ఆయన తన బ్రతుకులో చూచెను. తన ‘ఒప్పుకోలు’ ఎనిమిదవ భాగములో, తన చిత్తమే రెండుగా చీలి తనతో పోరాడిన విధమును వర్ణించెను. సారా మానవలెనని ప్రతి ఉదయము తీర్మానించుకొని, మగ్గము దిగగానే అదే దుకాణము ముందు నిలువబడు సహోదరునికి ఈ భాగము ఎవరును వివరించనక్కరలేదు. విశ్వసించుట అనగా ఆలోచించి లోపల సమ్మతించుట అని కూడ ఆయనే బోధించెను.

అయితే అదే అగస్టీను, దోనతీయులు అను వేరుపడిన సంఘమువారి విషయములో మాట మార్చెను. ఎవరిని బలవంతము చేయరాదని మొదట చెప్పినవాడు, సుమారు 408లో వ్రాసిన లేఖలో, రాజశాసనముల భయముచేత అనేకులు తిరిగివచ్చిరి గనుక అది మేలే అని వాదించెను. లూకా 14:23లోని ‘బలవంతము’ అను మాటను ఆధారము చేసికొనెను. విందు ఉపమానములో యజమానుడు సేవకుని పంపెను గాని సైనికుని పంపలేదు! మరణశిక్ష వద్దని అగస్టీను చెప్పిన మాట నిజమే. కాని ఆయన తెరచిన తలుపును తరువాతివారు మూయలేదు.

ఆన్సెల్ము (1033–1109) వేరొక త్రోవ చూపెను. ముందు విశ్వసించి, ఆ విశ్వసించినదానిని గ్రహించుటకు వెదకవలెనని ఆయన బోధ. దేవుడు మనుష్యుడెందుకాయెను అను గ్రంథమును బోసో అను శిష్యునితో సంభాషణగా వ్రాసెను. అందులో బోసో అవిశ్వాసులు అడుగు కష్టమైన ప్రశ్నలన్నియు అడుగును. గురువు గద్దించడు, జవాబిచ్చును.

థామస్ ఆక్వినాసు (1225–1274) అరిస్టాటిలును, ఇబ్నుసీనా, ఇబ్నురుష్దు వంటి ముస్లిము పండితుల వ్యాఖ్యలను చదివి, బుద్ధియు విశ్వాసమును ఒకే దేవుని దానములని చూపెను. విశ్వసించుట చిత్తమునకు చెందిన పని, కావున ఎన్నడును నమ్మనివారిని బలవంతము చేయరాదని స్పష్టముగా వ్రాసెను. యూదుల పిల్లలకు తల్లిదండ్రుల ఇష్టమునకు విరోధముగా బాప్తిస్మమీయరాదనెను. ఇంతవరకు ఎంత మంచి మాట! కాని ఒకసారి విశ్వాసమును స్వీకరించి తొలగిపోయినవారిని మాత్రము, ఇచ్చిన మాట నిలుపుకొనునట్లు బలవంతము చేయవచ్చునని, వినని మతభ్రష్టులను రాజు చంపవచ్చునని కూడ వ్రాసెను. ఆ మాట ఇచ్చినది ఎవరు? చాలమంది విషయములో, పసిబిడ్డ పక్షమున నిలిచిన పెద్దలు. ముడి అంతయు ఇక్కడనే ఉన్నది.

ఈ ముడిని విప్పబోయినవారు ప్రాణములిచ్చిరి. స్వయముగా నమ్మినవారికే బాప్తిస్మమని బోధించిన ఫెలిక్స్ మాంజును 1527 జనవరి 5న జ్యూరిక్ నగర సభవారు నదిలో ముంచి చంపిరి. వారు క్యాథలిక్కులు కారు, సంస్కరణవాదులే! 1612లో ఇంగ్లండు బాప్టిస్టు థామస్ హెల్విసు, మనుష్యుల ఆత్మలపై రాజునకు అధికారము లేదని వ్రాసి, చెరసాలలోనే చనిపోయెను.

మన పితరులకు ఈ పాఠము కరవులో వచ్చినది. 1876–78 కరవు కాలమున క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో ఒక భాగమును త్రవ్వించు పని ఒప్పుకొని వేలమందికి కూలి చూపిరి. ఆ దినములలో బాప్తిస్మము కోరి గుంపులు వచ్చినను, కూటికొరకు వచ్చుచున్నారేమో అని, ఏడాదికి పైగా ఒక్కరికిని ఈయలేదు. సహాయపు పని ముగిసినదని, ఇక ఇచ్చుటకు డబ్బు లేదని తెలిపిన తరువాత కూడ వారు తిరిగి వచ్చిరి. అప్పుడు 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను ప్రతి వార్షికోత్సవములో చెప్పుకొందుము గాని, దానికి ముందు ఆగిన ఆ ఏడాదినిగూర్చి చెప్పుకొనము. నా మట్టుకు నాకు ఆ ఆగుటయే పెద్ద సాక్ష్యము.

ఇప్పుడు మన ఇంటి సంగతి. పసిబిడ్డకు బదులు ఇరువది ఏండ్లవాడు నీటిలో నిలిచినను, లోపల మాట ఇచ్చుచున్నది తల్లిదండ్రులే అయితే, విప్పిన ముడిని మరల మనమే వేసినట్లగును. బాప్తిస్మపు తరగతిలో ప్రశ్న అడిగిన పిల్లవానిని వీనికి విశ్వాసము లేదని కూర్చుండబెట్టవద్దు. మరాఠీ బడిలో చదివిన పిల్లలు తెలుగు బైబిలు మాటలకు అర్థమడిగినప్పుడు కూడ విసుగుకొనవద్దు. వానిలో ఒక బోసో ఉండవచ్చును. పెండ్లికి బాప్తిస్మము షరతుగా నడుచుచున్న సంఘములు ఆ పద్ధతిని రాబోవు వార్షిక సభలో చర్చకు తెచ్చుట మంచిది. వధూవరులలో ఒకరు ఇంకను సిద్ధముగా లేనియెడల ఆ పెండ్లిని ఎట్లు జరిపింపవలెనో కాపరులును పెద్దలును, ముహూర్తము దగ్గరపడక ముందే, ఆ ఇద్దరిని కూర్చుండబెట్టుకొని మాటలాడవలెను.