రహదారిపై పశువునకు దెబ్బ తగిలినచో: డ్రైవరు బాధ్యత, పంచాయతీ కర్తవ్యము

మంచిర్యాల నుండి జైపూరు, భీమారముల మీదుగా చెన్నూరు చేరి, ఆపై ప్రాణహిత దాటి సిరొంచకు పోవు బాట 63వ సంఖ్య గల జాతీయ రహదారి. ఒకనాడు ఎడ్లబండ్లు నడిచిన ఈ దారిలో నేడు లారీలు, బస్సులు, మోటారు సైకిళ్లు రేయింబవళ్లు తిరుగుచున్నవి. దారికి ఇరుప్రక్కల నున్నవి మాత్రము సేద్యమును నమ్ముకొనిన పల్లెలే. ఉదయమున మందలు మేతకు పోవలెనన్నను, ప్రొద్దు గూకువేళ ఇండ్లకు మరలి రావలెనన్నను ఈ రహదారిని దాటక తప్పదు. అట్టి సమయమున కాడి ఎద్దునకు వాహనము తగిలినచో నష్టము ఒక పశువుతో ఆగదు. జత చెడిన రెండవ ఎద్దు కూడ కొట్టములో నిలిచిపోవును, దుక్కి ఆగిపోవును. పాడిగేదె పోయినచో ఆ ఇంటి నిత్యాదాయమే పోవును.

ఇట్టి ఆపద కలిగినప్పుడు గ్రామస్థులు మొట్టమొదట వచ్చునది పంచాయతీ సభ్యుని కడకే. కావున ఈ విషయమున చట్టమేమి చెప్పుచున్నదో ప్రతి సభ్యుడును తెలిసికొని యుండుట అవసరము.

డ్రైవరు చేయవలసిన పనులు

1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 132వ సెక్షనులో జంతువుల ప్రసక్తి స్పష్టముగా నున్నది. మనిషికి గాని, జంతువునకు గాని, మరియొక వాహనమునకు గాని ప్రమాదము జరిగి, యూనిఫారములో నున్న సబ్ ఇన్‌స్పెక్టరు లేక అంతకు పై అధికారి కోరినచో డ్రైవరు బండిని నిలిపి యుంచవలెను. నష్టపడినవాడు తన పేరు, చిరునామా తెలిపి అడిగినప్పుడు డ్రైవరు తన పేరు, చిరునామాయే గాక బండి యజమాని పేరు, చిరునామా కూడ చెప్పి తీరవలెను. అంతేకాదు, బండి చప్పుడునకు పశువు బెదరి అదుపు తప్పునని తోచి పసులకాపరి ఆపుమని కోరినచో, ప్రమాదమేమియు జరుగకున్నను డ్రైవరు బండి ఆపవలసినదే.

ఈ సెక్షనులో జంతువనగా ఆవులు, ఎద్దులు, గేదెలు మొదలగు పశువులు, గొర్రె, మేక, గుర్రము, గాడిద మున్నగునవి. కుక్క ఇందులో చేరలేదు.

ఇక 134వ సెక్షను ప్రకారము ప్రమాదము వలన మనిషికి గాయమైనను, ఇతరుల ఆస్తికి నష్టము కలిగినను, పోలీసు అధికారి అడిగిన వివరములను డ్రైవరు ఈయవలెను. పోలీసు అధికారి అక్కడ లేనిచో సమీప పోలీసు స్టేషనులో వీలైనంత త్వరగా, ఎట్లైనను 24 గంటలు మించకుండ, తెలుపవలెను. బీమా కంపెనీకి వ్రాతమూలకముగా తెలియజేయవలెను. పెంపుడు పశువు చట్టము దృష్టిలో యజమాని ఆస్తి.

శిక్షయా? పరిహారమా?

"పశువును చంపిన డ్రైవరును జైలుకు పంపవలెను" అని పలువురు కోరుచుందురు. 2024 జూలై 1 నుండి అమలులో నున్న భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షను క్రింద జంతువును చంపినవానికి ఐదేండ్ల వరకు జైలు విధింపవచ్చును. కాని ఆ నేరమునకు నష్టము చేయవలెనను ఉద్దేశమో, నష్టము కలుగునను ఎఱుకయో ఉండవలెను. ప్రమాదవశమున తగిలిన దెబ్బ దీని క్రిందకు రాదు. 2022లో ఒక పెంపుడు కుక్క కేసున కర్ణాటక హైకోర్టు, ఉద్దేశము లేనిదే ఈ నేరము నిలువదనియు, 134వ సెక్షను మనుష్యుల గాయములకే సంబంధించినదనియు తీర్పు చెప్పెను. అదే సంవత్సరము డిసెంబరులో బొంబాయి హైకోర్టు కూడ కుక్కకు బండి తగిలిన కేసును కొట్టివేసెను. కావున శిక్షపై ఆశ పెట్టుకొనుటకంటె పరిహారమునకై యత్నించుట రైతునకు మేలు.

డ్రైవరు అజాగ్రత్త రుజువైనచో అతడును, బండి యజమానియు పరిహారమునకు బాధ్యులు. ప్రతి వాహనమునకు ఉండి తీరవలసిన తృతీయపక్ష బీమాలో ఇతరుల ఆస్తికి కలుగు నష్టము కూడ చేరియున్నది. పశువు యజమాని వాహన ప్రమాదముల నష్టపరిహార ట్రిబ్యునలులో దరఖాస్తు చేసికొనవచ్చును. 2019 సవరణ దీనికి ఆరు నెలల గడువు విధించినది గనుక ఆలస్యము తగదు. లోక్ అదాలతులో రాజీ కుదిరినచో ఆ తీర్పునకు సివిలు కోర్టు డిక్రీతో సమానమైన బలమున్నది. స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగల వారికిని ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము లభించును.

ఒక్క విషయము మరువరాదు. ఏ వాహనమో తెలియని ప్రమాదములలో ప్రభుత్వ పథకము క్రింద లభించు సొమ్ము మనుష్యుల మరణమునకు, తీవ్రగాయములకే గాని పశువులకు కాదు. అనగా బండి నంబరు తెలియనిచో పరిహారమునకు దారియే మూసికొనిపోవును.

గుంపు చేరినచో నష్టమెవరికి?

పశువు పడిపోగానే పదిమంది చేరి డ్రైవరుపై చేయి చేసికొనుట, దారికి అడ్డముగా కూర్చుండుట కొన్నిచోట్ల జరుగుచున్నది. దీనివలన నష్టపడునది రైతే. దెబ్బల భయముచే డ్రైవరు ఆగక పారిపోవును, నంబరు దొరకదు. పైగా కొట్టినవారిపైననే కేసు వచ్చును. జనసమూహపు ఆగ్రహము వలన డ్రైవరునకు అక్కడ నిలుచుట సాధ్యము కాకపోవచ్చునని చట్టము కూడ గుర్తించినది. డ్రైవరునకు రక్షణ యిచ్చి, వివరములు వ్రాసికొని, పోలీసులకు కబురు పంపుటయే సభ్యుని ప్రథమ కర్తవ్యము.

పంచాయతీ ఆచరింపదగిన పద్ధతి

1. బండి నంబరు, డ్రైవరు, యజమానుల పేర్లు, సమయము, స్థలము వెంటనే వ్రాయవలెను. ఫోటోలు తీయవలెను.

2. పోలీసులకు 112 నంబరునకు, గాయపడిన పశువు చికిత్సకై 1962 నంబరునకు ఫోను చేయవలెను.

3. పశువు చనిపోయినచో పశువైద్యాధికారిచే పరీక్ష చేయించి ధ్రువపత్రము పొందకముందే పూడ్చరాదు. పశువు విలువ కూడ వ్రాయించుకొనవలెను.

4. చెవికి వేయు 12 అంకెల గుర్తింపు బిళ్ల యాజమాన్యమునకు మంచి సాక్ష్యము. ఊరిలోని పశువులన్నిటికి అది ఉన్నదో లేదో చూడవలెను.

5. అక్కడికక్కడ రాజీ కుదిరినచో కాగితముపై వ్రాసి ఇరువురి సంతకములు, సాక్షుల సంతకములు తీసికొనవలెను.

యజమాని బాధ్యత

న్యాయము ఏకపక్షము కాదు. రాత్రివేళ పశువును రహదారిపై విడిచిన యజమాని అజాగ్రత్తను కూడ న్యాయస్థానము లెక్కలోనికి తీసికొని పరిహారమును తగ్గింపవచ్చును. చీకటిలో పడుకొనిన ఎద్దును ఢీకొని మోటారు సైకిలుపై పోవు యువకుడు ప్రాణము కోల్పోయినచో ఆ దుఃఖమును ఏ పరిహారము తీర్చును? పశువు వలన మనుష్యులకు ప్రమాదము కలుగకుండ తగు జాగ్రత్త తీసికొననివారికి న్యాయ సంహిత 291వ సెక్షను క్రింద ఆరు నెలల జైలు గాని, 5,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. రహదారులపై తిరుగు పశువులను తొలగించి ఆశ్రయములకు చేర్చవలెనని 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆదేశించినది.

కావున పంచాయతీలు బందెలదొడ్డిని బాగుచేయించుట, మందలు దాటుచోట హెచ్చరిక బోర్డులకై రహదారి అధికారులను కోరుట, ప్రొద్దు గూకిన పిమ్మట పశువులు కొట్టములలోనే ఉండునట్లు దండోరా వేయించుట మంచిది. ఈ మూడు పనులను రాబోవు గ్రామసభలోనే చర్చకు పెట్టి తీర్మానింపవచ్చును. డ్రైవరు తన ధర్మమును, యజమాని తన ధర్మమును పాటించినచో ఈ బాటలో మనిషికిని, పశువునకును క్షేమము కలుగును.