డిజిటల్ కెమేరా ఫర్మ్‌వేరును మార్చుట - రైతులు గమనించవలసిన ముప్పులు



పూర్వము చేనులో పురుగు గాని, తెగులు గాని కనబడినచో ఆ మొక్కను పీకి, తడిగుడ్డలో చుట్టి, పరిశోధన కేంద్రమునకు పట్టుకొని పోవలసి వచ్చెడిది. నేడు మంచి ఫొటో తీసి పంపినను చాల సంగతులు తెలియుచున్నవి. 2018 మే మాసములో కర్ణాటకలో మొదట కనబడిన కత్తెర పురుగు ఆ యేడే తెలంగాణ మక్కచేలకు ప్రాకినది. దాని తలపై తలక్రిందులైన ఆంగ్ల 'వై' అక్షరము వంటి గుర్తును, తోక వైపున ఎనిమిదవ ఖండముపై చతురస్రముగా నుండు నాలుగు నల్లని చుక్కలను బట్టి దానిని గుర్తించవలెను. ఈ గుర్తులు దగ్గరనుండి తీసిన స్పష్టమైన ఫొటోలో మాత్రమే తెలియును. కనుక కెమేరా కూడ నేడు సేద్యపు పనిముట్లలో ఒకటి అయినది.

ఇట్టి కెమేరా శక్తిని పెంచెదమని దాని ఫర్మ్‌వేరును మార్చు పద్ధతులు కొన్ని వ్యాప్తిలో నున్నవి. వీనిలో కొన్ని అంతగా హాని చేయనివి. కొన్ని క్షణములో కెమేరాను పనికిరాకుండ చేయగలవి. ఈ భేదము తెలియక చేతులు పెట్టినచో నష్టము తప్పదు.

ఫర్మ్‌వేర్ అనగా నేమి?

కెమేరా లోపలి చిప్పులో కంపెనీవారు వ్రాసియుంచిన ఆజ్ఞల సముదాయమే ఫర్మ్‌వేర్. బొత్తాము నొక్కగానే కటకము ఎంత జరుగవలెను, షట్టరు ఎంతసేపు తెరచియుండవలెను, రంగులు ఎట్లు సరిచేయబడవలెను, ఫొటో కార్డుపై ఎట్లు వ్రాయబడవలెను - ఇవి అన్నియు ఈ ఆజ్ఞల ప్రకారమే జరుగును.

దీనిని బావి మీది ఆయిల్ ఇంజనుకుండు గవర్నరుతో పోల్చవచ్చును. గవర్నరు స్ప్రింగును బిగించినచో ఇంజను వేగము హెచ్చి, నీరు ఎక్కువ వచ్చినట్లు కనబడును. గాని తట్టుకొనగల వేగమును దాటి తిరిగిన ఇంజను త్వరలోనే అరిగిపోవును. కెమేరాలో కంపెనీవారు పెట్టిన హద్దులు కూడ కొన్ని ఇట్టివే.

ఎందుకు మార్చుదురు?

1. చౌక కెమేరాలలో చాలవాటికి నియమిత వ్యవధికొక ఫొటో తమంతట తాము తీయు ఏర్పాటు లేదు. మొలక ఎదుగుదలను చూపుటకు గాని, గాలిపటమునకు కెమేరా కట్టి పైనుండి చేలను తీయుటకు గాని ఇది అవసరము.

2. వీడియోను 30 నిమిషములకు లోపుననే ఆపివేయు కెమేరాలు కలవు. అంతకు మించి తీయు యంత్రమును ఐరోపాలో వీడియో కెమేరాగా లెక్కించి అధిక సుంకము వేయుచుండుట దీనికి ఒక కారణము. ఆ సుంకము 2019లో తొలగినను పాత కెమేరాలలో ఆ హద్దు మిగిలియున్నది. కొన్నింట వేడి కూడ దీనికి కారణమే.

3. జపాను దేశములో అమ్ముటకు తయారైన కొన్ని కెమేరాలలో జపాను భాష తప్ప వేరు భాష లేదు. చౌకగా కొన్నవారు భాష మార్పు కొరకు దీనికి పూనుకొందురు.

మార్పులలో మూడు తరగతులు

మొదటిది, కార్డునుండి మాత్రమే పనిచేయునది. కానన్ కంపెనీ పవర్‌షాట్ కెమేరాలలో చాలవాటికై స్వచ్ఛంద కార్యకర్తలు తయారుచేసిన 'సి.హెచ్.డి.కె.' ఇట్టిది. కెమేరాను తెరచినపుడు ఇది కార్డునుండి తాత్కాలిక జ్ఞాపకములోనికి వచ్చి పనిచేయును. ఆ కార్డును తీసివేసినచో కెమేరా మునుపటివలెనే నడచును.

రెండవది, కార్డుపై ఉండినను కెమేరాలో ఒక గుర్తును మార్చునది. 2009లో ట్రామెల్ హడ్సన్ అనువారు కానన్ 5డి మార్క్ 2 కెమేరాకై ప్రారంభించిన 'మ్యాజిక్ లాంటర్న్' ఇట్టిది. కార్డునుండి ఆజ్ఞలు తీసికొనుమని కెమేరా జ్ఞాపకములోనే గుర్తు పెట్టబడును. తరువాత అవసరమైన ఫైళ్లు లేని కార్డు పెట్టినపుడు, ఆ కార్డుపై మాత్రము గుర్తు మిగిలియున్నచో, కెమేరా కదలక మెదలక నిలిచిపోవచ్చును.

మూడవది, చిప్పులోని అసలు ఫర్మ్‌వేరునే చెరిపి వేరొకటి వ్రాయునది. అన్నింటికన్న అపాయకరమైనది ఇదియే.

కలుగు నష్టములు

1. కెమేరా చచ్చిపోవుట: చిప్పుపై వ్రాయుచుండగా బ్యాటరీ అయిపోయినను, ప్లగ్గుతో నడపునపుడు కరెంటు పోయినను, ఆజ్ఞలు సగములో నిలిచిపోవును. అటుపై కెమేరా తెరచుకొనక పోవచ్చును. లోపలి బోర్డు మార్చవలసి వచ్చినచో ఆ ఖర్చు పాత కెమేరా విలువను మించవచ్చును.

2. కూర్పు సరిపడక పోవుట: కెమేరా పేరు ఒకటే అయినంత మాత్రమున చాలదు. ఒకే పేరు గల రెండు కెమేరాలలో ఒకదానిలో 1.00బి, మరొకదానిలో 1.00సి కూర్పు ఉండవచ్చును. ఒకదానికి చేసినది మరొకదానికి పనికిరాదు. నల్లరేగడికి చెప్పిన సిఫారసును చెల్కకు వాడినట్లగును.

3. వేడి: ఆదిలాబాదు, రామగుండము ప్రాంతములలో ఎండకాలపు వేడి 45 డిగ్రీలు దాటు రోజులు కలవు. అట్టి ఎండలో హద్దు తీసివేసి గంటల తరబడి వీడియో తీసినచో చిత్రమును గ్రహించు సెన్సారు వేడెక్కి, చిత్రము చెడును. భాగములకు హాని కలుగును.

4. అరుగుదల: పది సెకనులకొక ఫొటో చొప్పున తీసినచో గంటకు 360, పది గంటలకు 3,600 ఫొటోలగును. 28 దినములలో లక్ష దాటును. పెద్ద కెమేరాలలో చాలవాటి యాంత్రిక షట్టరు మన్నిక సుమారు లక్ష సార్లుగానే లెక్కించబడినది. ఏండ్ల తరబడి రావలసిన కెమేరా నెలలోనే తన ఆయువును ఖర్చు చేసికొనును.

5. తప్పు సాక్ష్యము: రైతునకు ముఖ్యమైన నష్టమిది. వరి ఆకు పసుపు పచ్చగా నున్నదా, తుప్పు రంగు మచ్చలున్నవా అనుదానిని బట్టి నత్రజని లోపమో, జింకు లోపమో ఊహింతురు. రంగులను సరిచేయు ఆజ్ఞలు మారినచో ఫొటో అబద్ధమాడును, సలహా తప్పును, పెట్టిన మందు వృథా యగును. తేదీ, గంటలు చెడినచో వడగండ్ల వానకు పంట పోయిన దినమును చూపవలసిన ఫొటో విలువ తగ్గును.

6. పూచీ పోవుట: ఇతరుల ఫర్మ్‌వేర్ వలన చెడిన కెమేరాకు కంపెనీవారు ఉచిత మరమ్మతు నిరాకరించవచ్చును.

7. దొంగ ఫైళ్లు: ఎవరో పంపిన ఫైలును తెరచినచో కంప్యూటరుకు వైరస్ సోకవచ్చును.

కంపెనీ కూర్పును ఎక్కించునపుడు

కంపెనీవారు లోపములు సవరించుటకై అప్పుడప్పుడు కొత్త కూర్పు విడుదల చేయుదురు. ఇది ఇతరుల మార్పు వంటిది కాదు. అయినను జాగ్రత్త వలెను.

- కెమేరా నమూనా పేరును, ఇప్పుడున్న కూర్పు సంఖ్యను కాగితముపై వ్రాసికొనవలెను.
- ఫైలును కంపెనీ స్వంత వెబ్‌సైటునుండి మాత్రమే తీసికొనవలెను.
- కార్డులోని ఫొటోలను ముందుగా వేరుచోట భద్రపరచవలెను.
- బ్యాటరీని పూర్తిగా చార్జి చేయవలెను.
- పని ముగియువరకు ఏ బొత్తామును నొక్కరాదు, మూత తెరువరాదు.
- ముగిసిన తరువాత తేదీ, గంటలు సరిచూడవలెను.

మార్చకయే పని జరుగు మార్గములు

నియమిత వ్యవధికి ఫొటోలు కావలెనన్నచో కొన్ని కెమేరాలకు తీగతో తగిలించు టైమరు దొరకును. పురుగును దగ్గరగా తీయుటకు పువ్వు గుర్తు గల ఏర్పాటు చాల కెమేరాలలో నున్నది. నీడలో, చేయి కదలక, పురుగు ప్రక్కన ఒక రూపాయి నాణెము పెట్టి తీయవలెను. మొక్క మొత్తమునకు ఒకటి, దెబ్బ తిన్న ఆకుకు ఒకటి, పురుగుకు ఒకటి - ఈ మూడు ఫొటోలున్నచో జగిత్యాల దగ్గరి పొలాస, ఆదిలాబాదు పరిశోధన కేంద్రములలోని శాస్త్రజ్ఞులకు పురుగును పోల్చుకొనుట సులభము.

అయినను ప్రయోగము చేయదలచినవారు మొదటి తరగతికి చెందిన దానినే, అదియును పని తప్పినను విచారము లేని పాత కెమేరాపై, పంట లేని దినములలో చేయవలెను. పంట ఫొటోలు తీయు కెమేరాను, ఆ కార్డును వేరుగా ఉంచవలెను.

సారాంశము

కార్డు తీయగానే పోవు మార్పు వేరు, చిప్పుపై వ్రాయబడు మార్పు వేరు. ఏది ఎట్టిదో తెలియనిదే చేయి పెట్టరాదు. చేనులో పురుగు పడినపుడు రెండు మూడు దినముల ఆలస్యమే పంటను తీయవచ్చును. ఆ దినమున కెమేరాకు పది కొత్త విద్యలు రానక్కరలేదు. ఒక్క నిజమైన ఫొటో తీసిన చాలును.