ప్లగిన్ ఎక్స్‌టెన్షన్ పాయింట్లు: కోర్ ముట్టుకోకుండా కొత్త ఫీచర్ ఎలా వస్తుంది? నేను చేసిన 4 తప్పులతో సహా

కొత్త ఫోన్ చేతికి రాగానే మనలో చాలామంది చేసే పనులు రెండు. నచ్చిన కీబోర్డ్ పెట్టుకోవడం, లాంచర్‌కి ఐకాన్ ప్యాక్ వేయడం. కీబోర్డ్ మారింది, కానీ వాట్సాప్‌ని ఎవరూ అప్‌డేట్ చేయలేదు. ఐకాన్లు మారాయి, లాంచర్ మాత్రం పాతదే. ఎప్పుడైనా ఆలోచించారా, ఇదెలా కుదురుతుందని?

దీని వెనకున్న ఐడియా పేరే ఎక్స్‌టెన్షన్ పాయింట్. ఈ ఆర్టికల్‌లో అదేంటో, ఫోన్‌లో ఎక్కడెక్కడ ఉందో, మీరు సొంతంగా యాప్ రాస్తే దాన్ని ఎలా మేనేజ్ చేయాలో చూద్దాం. నేను నర్సీపట్నంలో ఇంటి నుంచే పనిచేసే సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. ఈ పాఠం నేను బీటెక్‌లో నేర్చుకోలేదు, మా ఊరి డీటీపీ షాపు అన్న చేత తిట్లు తిని నేర్చుకున్నా. ఆ కథ కూడా చెప్తా.

ముందు బేసిక్స్: సాకెట్, ప్లగ్

మీ ఇంటి గోడ మీద స్విచ్ బోర్డు చూడండి. వైరింగ్ చేసిన ఎలక్ట్రీషియన్‌కి మీరు రేపు మిక్సీ పెడతారో, ఛార్జర్ పెడతారో తెలీదు. తెలియాల్సిన అవసరమూ లేదు. సాకెట్ సైజు ఇంత, వోల్టేజ్ ఇంత అని ముందే ఒక ఒప్పందం ఉంది. దానికి సరిపోయే పిన్ ఉన్న ఏ వస్తువైనా పనిచేస్తుంది.

సాఫ్ట్‌వేర్‌లో కూడా అంతే. గోడ లోపలి వైరింగ్ కోర్ అనుకుంటే, సాకెట్ ఎక్స్‌టెన్షన్ పాయింట్, అందులో పెట్టే వస్తువు ప్లగిన్. సాకెట్ ఎలా ఉండాలో చెప్పే రూల్స్‌ని కాంట్రాక్ట్ అంటాం. జావాలో అయితే దీన్ని ఇంటర్‌ఫేస్‌గా రాస్తాం.

ఇక్కడ ఒక్క పాయింట్ గుర్తుపెట్టుకోండి. ప్లగిన్‌కి కోర్ తెలుసు, కోర్‌కి మాత్రం ఏ ప్లగిన్ పేరూ తెలియకూడదు. కోర్ కోడ్‌లో ఎక్కడైనా "ఈ ప్లగిన్ అయితే ఇలా చెయ్" అని రాశారంటే, మీరు సాకెట్ పెట్టలేదు, మిక్సీని డైరెక్ట్‌గా గోడలోకి వైరింగ్ చేసేశారన్నమాట.

మీ ఫోన్‌లోనే ఉన్న ఉదాహరణలు

2009లో వచ్చిన ఆండ్రాయిడ్ 1.5తో బయటి కీబోర్డులకి తలుపు తెరుచుకుంది. కీబోర్డ్ యాప్ తన మానిఫెస్ట్ ఫైల్‌లో "నేను ఇన్‌పుట్ మెథడ్ సర్వీస్‌ని" అని ప్రకటిస్తుంది. సిస్టమ్ ఆ ప్రకటన చదివి సెట్టింగ్స్ లిస్ట్‌లో చూపిస్తుంది. మీరు ఆన్ చేసేదాకా అది పనిచేయదు. ఆన్ చేసేటప్పుడు, టైప్ చేసేవన్నీ, పాస్‌వర్డ్‌లతో సహా, ఈ కీబోర్డ్ సేకరించే అవకాశం ఉందని ఒక వార్నింగ్ వస్తుంది కదా? అది ఊరికే భయపెట్టడానికి కాదు. ఎక్స్‌టెన్షన్ పాయింట్ పెట్టినవాడి బాధ్యత అది.

ఐకాన్ ప్యాక్ ఇంకా సింపుల్. అది విడిగా ఇన్‌స్టాల్ అయ్యే చిన్న యాప్. ఫలానా యాప్‌కి ఫలానా బొమ్మ అని ఒక ఫైల్ అందులో ఉంటుంది. లాంచర్ ఫోన్‌లో వెతికి, ఐకాన్ ప్యాక్ అని ప్రకటించుకున్న యాప్‌లని లిస్ట్ చేస్తుంది. లైవ్ వాల్‌పేపర్లు, 2016లో ఆండ్రాయిడ్ 7తో వచ్చిన థర్డ్ పార్టీ క్విక్ సెట్టింగ్స్ టైల్స్ కూడా ఇదే కుటుంబం. యాప్‌లు రాసే ఆండ్రాయిడ్ స్టూడియో కూడా ఇంటెల్లిజె ప్లాట్‌ఫామ్ మీద, ఇలాంటి ఎక్స్‌టెన్షన్ పాయింట్లతోనే కట్టారు.

నా కథ: ఒక ప్లగిన్, మొత్తం యాప్ క్లోజ్

తెలుగు డీటీపీ చేసేవాళ్ల దగ్గర పాత ఫైళ్లన్నీ పాత ఫాంట్లలోనే ఉంటాయి. వాటిలో ఉండేది నిజమైన తెలుగు అక్షరాలు కాదు, ఇంగ్లీష్ అక్షరాల కోడ్‌లకి తొడిగిన తెలుగు బొమ్మలు. ఆ ఫాంట్ లేని ఫోన్‌లో తెరిస్తే గజిబిజిగా కనిపిస్తుంది. పైగా ఒక్కో కంపెనీ ఫాంట్‌కి ఒక్కో కోడ్ పట్టిక. వరస కూడా వేరే. "స్త్రీ" అనే అక్షరం పాత ఫాంట్‌లో కంటికి కనిపించే వరసలో, అంటే ముందు "సీ", తర్వాత త ఒత్తు, ర ఒత్తు అని ఉండొచ్చు. యూనికోడ్‌లో మాత్రం హల్లులన్నీ అయ్యాకే దీర్ఘం రావాలి.

ఇలాంటి ఫైళ్లని యూనికోడ్‌లోకి మార్చడానికి జావాలో ఒక డెస్క్‌టాప్ యాప్ రాశా. ఫైల్ చదవడం, వరస సరిచేయడం, సేవ్ చేయడం కోర్ పని. ఒక్కో ఫాంట్ పట్టిక ఒక్కో ప్లగిన్. కాంట్రాక్ట్‌లో ఒకటే మెథడ్: ఒక కోడ్ ఇస్తే, దాని తెలుగు ముక్క తిరిగి ఇవ్వాలి. నా ఫ్రెండ్ ఒకడు రెండు ఫాంట్లకి ప్లగిన్లు రాసిచ్చాడు. అన్నీ బాగానే నడిచాయి.

తర్వాత ఒక ఫాంట్ దొరికింది. అందులో "మ" ఒక్క బొమ్మ కాదు, "వ" లాంటి ముక్క పక్కన ఒక తోక. అంటే ఒక కోడ్ చూస్తే సరిపోదు, పక్క కోడ్ కూడా చూడాలి. నేనేం చేశా? కాంట్రాక్ట్‌లో ఉన్న మెథడ్ తీసేసి, మొత్తం లైన్ తీసుకునే కొత్త మెథడ్ పెట్టా. నా ప్లగిన్లన్నీ సరిచేసుకుని, అప్‌డేట్ పంపేశా. ఫ్రెండ్‌కి చెప్పడం మర్చిపోయా.

మర్నాడు సాయంత్రం డీటీపీ అన్న ఫోన్. "ఏటి తమ్ముడూ, నీ యాప్ ఓపెన్ అవ్వట్లేదేటి?" ఆయన దగ్గర ఒక రిటైర్డ్ మాస్టారి పుస్తకం ఉంది. ఆయన 75వ పుట్టినరోజుకి మనవలంతా ఫోన్‌లో చదువుకునేలా ఇవ్వాలని కొడుకు ఆర్డర్ ఇచ్చాడు. పుట్టినరోజు రెండు రోజుల్లో ఉంది. ఆ పూట నేను వైజాగ్‌లో పెళ్లిలో ఉన్నా, ల్యాప్‌టాప్ ఇంట్లో. నేను తిరిగొచ్చేసరికి ఆయన రాత్రంతా కూర్చుని 40 పేజీలు చేత్తో మళ్లీ టైప్ చేశారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "మీవోళ్లు ఒకటి బాగు చేత్తే రెండు పాడవుతాయి" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు.

అసలు మంట ఏంటంటే, ఆ పుస్తకం ఉన్న ఫాంట్ ప్లగిన్ నాదే, అది బాగానే ఉంది. యాప్‌ని పడగొట్టింది ఆ పనితో సంబంధమే లేని వేరే ప్లగిన్.

తప్పు 1: వాడుకలో ఉన్న కాంట్రాక్ట్‌ని మార్చడం

ఒకసారి బయటికి వెళ్లిన ఇంటర్‌ఫేస్ మీ సొంతం కాదు. సాకెట్ సైజు మారిస్తే ఊళ్లో ఉన్న పిన్నులన్నీ పనికిరావు. కొత్త అవసరం వస్తే పాతది అలాగే ఉంచి, పక్కన కొత్తది పెట్టండి. ఎక్లిప్స్ వాళ్లు ఇలాగే చేశారు. పాత ఇంటర్‌ఫేస్ ముట్టుకోకుండా, అదే పేరు చివర 2 తగిలించి కొత్తది ఇచ్చేవాళ్లు. 2014లో వచ్చిన జావా 8 నుంచి డిఫాల్ట్ మెథడ్స్ ఉన్నాయి. కొత్త మెథడ్‌కి ఇంటర్‌ఫేస్‌లోనే ఒక మామూలు అమలు రాసి పెడితే, పాత ప్లగిన్లు రీకంపైల్ కూడా అక్కర్లేకుండా నడుస్తాయి. నేను ఇప్పుడు అదే చేశా: లైన్ తీసుకునే మెథడ్ డిఫాల్ట్‌గా పాత మెథడ్‌నే ఒక్కో కోడ్‌కి పిలుస్తుంది.

తప్పు 2: ప్లగిన్ పడిపోతే కోర్ కూడా పడిపోవడం

మా యాప్‌లో ట్రై, క్యాచ్ ఉంది. కానీ క్యాచ్‌లో ఎక్సెప్షన్ మాత్రమే పట్టుకున్నా. కాంట్రాక్ట్‌లో ఉన్న మెథడ్ ప్లగిన్‌లో లేకపోతే జావా విసిరేది అబ్‌స్ట్రాక్ట్ మెథడ్ ఎర్రర్. అది ఎక్సెప్షన్ కాదు, ఎర్రర్ జాతి. నా వల లోంచి జారిపోయి యాప్‌ని మూసేసింది. ప్లగిన్‌ని పిలిచే ప్రతి చోటా ఇలాంటి లింకేజ్ ఎర్రర్లని కూడా పట్టుకుని, ఆ ఒక్క ప్లగిన్‌ని పక్కన పెట్టి, పేరుతో సహా యూజర్‌కి చెప్పాలి. ఎరిక్ గామా, కెంట్ బెక్ 2003లో ఎక్లిప్స్ మీద రాసిన పుస్తకంలో కూడా ఈ రూల్ ఉంది: ఎక్స్‌టెన్షన్ పాయింట్ ఇచ్చినవాడే, ప్లగిన్ల చెడు ప్రవర్తన నుంచి తనని తాను కాపాడుకోవాలి. ఆండ్రాయిడ్ ఇంకో మెట్టు పైన ఉంది. కీబోర్డ్ వేరే ప్రాసెస్‌లో నడుస్తుంది కాబట్టి, అది క్రాష్ అయినా మీరు చాట్ చేస్తున్న యాప్ బతికే ఉంటుంది.

తప్పు 3: అన్నిటినీ మొదట్లోనే లోడ్ చేయడం

యాప్ తెరవగానే ప్లగిన్లన్నీ లోడ్ చేసి, ఒక్కోదానికి చిన్న టెస్ట్ పెట్టేవాడిని. మంచి పని అనుకున్నా. దానివల్లే అవసరం లేని ప్లగిన్ కూడా దారికి అడ్డం పడింది. ఎక్లిప్స్‌లో ప్రతి ప్లగిన్‌కి ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైల్ ఉంటుంది. మొదట ఆ కాగితం మాత్రమే చదివి మెనూలో పేరు చూపిస్తుంది. మీరు క్లిక్ చేసినప్పుడే అసలు కోడ్ లోడ్ అవుతుంది. స్టార్టప్ వేగంగా ఉంటుంది, మెమరీ మిగులుతుంది, తప్పున్న ప్లగిన్ తన వంతు వచ్చేదాకా ఎవరికీ అడ్డు రాదు.

తప్పు 4: వెర్షన్ అడగకపోవడం

ప్రతి ప్లగిన్ తను ఏ కాంట్రాక్ట్ వెర్షన్‌కి రాసిందో ప్రకటించాలి. కోర్ అది చూసి, కుదరకపోతే మర్యాదగా "ఈ ప్లగిన్ పాతది" అనాలి. రెండు ప్లగిన్లు ఒకే పనికి పోటీ పడితే ఏం చేయాలో కూడా ముందే తేల్చుకోండి. కీబోర్డులు ఎన్ని ఉన్నా ఒకసారికి ఒకటే పనిచేస్తుంది. షేర్ మెనూలో మాత్రం అన్నీ కనిపిస్తాయి. రెండూ సరైనవే, కానీ అది డిజైన్ రోజే రాసుకోవాల్సిన నిర్ణయం.

నాకంటే ముందే ఈ దారిలో నడిచిన "పద్మ"

ఈ ఐడియా నాది కాదు. 2003 డిసెంబర్‌లో తెలుగు వికీపీడియాకి పునాది వేసిన వెన్న నాగార్జున గారే "పద్మ" అనే టూల్ తయారుచేశారు. దాని ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే, సొంత ఫాంట్లు వాడే తెలుగు పత్రికల సైట్లు యూనికోడ్‌లో కనిపించేవి. తెలుగుతో మొదలై తర్వాత వేరే భారతీయ భాషలకీ పాకింది.

అప్పటి ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్లకి హద్దు ఉండేది కాదు. బ్రౌజర్ లోపలి భాగాలని దేన్నైనా ముట్టుకోవచ్చు. దానివల్లే అంత శక్తి. దానివల్లే బ్రౌజర్ లోపల ఏది మార్చినా ఎక్కడో ఒక ఎక్స్‌టెన్షన్ విరిగేది. మొజిల్లా 2015లో పద్ధతి మారుస్తున్నామని ప్రకటించి, 2017 నవంబర్ 14న వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57తో పాత తరం ఎక్స్‌టెన్షన్లని ఆపేసింది. పద్మ కూడా ఆ పాత తరందే. రెండేళ్ల ముందు చెప్పినా, తిరగరాసే మనిషి లేని ఎక్స్‌టెన్షన్లు అక్కడే ఆగిపోయాయి.

సాకెట్ లేకుండా గోడలోంచి నేరుగా వైరు లాక్కుంటే ఇలాగే అవుతుంది. ఎక్స్‌టెన్షన్ పాయింట్ చిన్నగా ఉంటే ప్లగిన్ రాసేవాడికి ఇబ్బంది. పెద్దగా ఉంటే కోర్ మార్చేవాడికి సంకెళ్లు. నా ఓటు చిన్నదానికే. తర్వాత పెంచుకోవచ్చు, ఇచ్చింది వెనక్కి తీసుకోవడమే కష్టం.

ఇప్పుడు మీ వంతు

ఈ వీకెండ్ ఒక చిన్న ప్రయోగం చేయండి. ఒక క్యాలిక్యులేటర్ రాసి, కూడిక, తీసివేత ఒక్కోటి ఒక్కో ప్లగిన్‌గా పెట్టండి. జావా వాళ్లకి సర్వీస్ లోడర్ రెడీగా ఉంది. తర్వాత కావాలనే ఒక ప్లగిన్‌లో సున్నాతో భాగించి పడేయండి. మిగతా లెక్కలు నడుస్తుంటే పాసయినట్టే. ఆ తర్వాత కాంట్రాక్ట్‌లో ఒక మెథడ్ కలిపి, పాత ప్లగిన్‌ని రీకంపైల్ చేయకుండా నడిపి చూడండి. అసలు పరీక్ష అది.

మాస్టారి పుస్తకం టైమ్‌కే మనవలకి చేరింది. మిగిలిన పేజీలు సరిచేసిన యాప్ మార్చిపెట్టింది. డీటీపీ అన్న ఇప్పటికీ అదే యాప్ వాడుతున్నారు. కానీ నేను అప్‌డేట్ అనగానే ఒకటే అడుగుతారు: "పాతవన్నీ ఆడతాయా తమ్ముడూ?" రిలీజ్ బటన్ నొక్కేముందు నేనూ ఇప్పుడు అదే ప్రశ్న వేసుకుంటున్నా.