ఎవరికొస్తుందని అడిగావు

చి. అమ్మడికి,

నీ ఉత్తరం అందింది. రౌండ్స్‌లో మీ ప్రొఫెసరుగారు "ఈ బొబ్బల జబ్బు ఎక్కువగా ఎవరికొస్తుంది?" అని అడిగితే "ముసలివాళ్లకి సార్" అన్నావనీ, ఆయన మంచం మీదున్న 38 ఏళ్ల మనిషిని చూపించి నవ్వారనీ రాశావు. నీ జవాబు తప్పు కాదే తల్లీ. వేరే జబ్బుకి చెప్పావు, అంతే.

ముందు పెంఫిగస్, పెంఫిగాయిడ్ రెంటినీ విడదీసుకో. పెంఫిగస్‌లో, చర్మం పైపొర కణాల్ని ఒకదానికొకటి పట్టి ఉంచే డెస్మోగ్లీన్ అనే ప్రొటీన్ మీద ఒంట్లోని యాంటీబాడీలే తిరగబడతాయి. పైపొర తనలో తనే చీలుతుంది కాబట్టి బొబ్బ ఉల్లిపొరలా పల్చగా ఉండి, చెయ్యి తగిలితే చితికిపోతుంది. రోగి నీ దగ్గరికొచ్చేసరికి చాలాసార్లు బొబ్బ ఉండదు, పచ్చిపుండే ఉంటుంది. పెంఫిగాయిడ్‌లో పైపొర మొత్తం అడుగునుంచి లేస్తుంది. ఆ బొబ్బ పొంగిన పూరీలా బిగిసి, రోజుల తరబడి నిలుస్తుంది. నువ్వు చెప్పిన ముసలివాళ్లు ఈ రెండోదానివాళ్లు.

పెంఫిగస్ నడివయసు జబ్బు. విదేశీ పుస్తకాల్లో 40 నుంచి 60 అని ఉంటుంది. మన దగ్గర అంతకంటే చిన్నవాళ్లూ తరచుగా కనిపిస్తారు. అష్కెనాజీ యూదుల్లో, మధ్యధరా తీరంవాళ్లలో, ఇరానీయుల్లో, మనవాళ్లలో ఇది ఉత్తర ఐరోపావాళ్లలో కంటే ఎక్కువ. ఆ యూదుల్లో డీఆర్‌బీ1 0402, మనలో డీక్యూబీ1 0503 అనే జన్యు రకాలకి దీనితో సంబంధం ఉంది. ఆ అంకెలు పరీక్షకి గుర్తుపెట్టుకో. ఓపీలో వాటితో పనిలేదు, ఎందుకంటే అవి ఉన్నవాళ్లలో అత్యధికులకి జన్మలో ఈ జబ్బు రాదు.

ఓపీలో నువ్వు చూడాల్సింది నోరు. పెంఫిగస్ వల్గారిస్ అనే రకం చాలామందిలో నోట్లోనే మొదలవుతుంది, ఒంటికి దిగడానికి నెలలు పడుతుంది. నేను ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒకావిడ నోటిపూతతో వచ్చింది. వేడి చేసిందని ఇంట్లో సబ్జా గింజలు, మజ్జిగ తాగించారు. పళ్ల డాక్టరు పళ్లు శుభ్రం చేసి పంపాడు. నేను తెలివైనవాణ్ని కదా, ఇంకో పట్టీ బి-కాంప్లెక్స్ రాశాను! రెండు నెలలకి వీపంతా పచ్చిపుండుతో తీసుకొచ్చారు. దుప్పటి అంటుకుపోతుంటే వార్డులో అరటాకులు పరిచి పడుకోబెట్టాం. ఆ తర్వాత మూడు వారాలు దాటిన నోటిపూతని నేనెప్పుడూ మామూలుగా పంపలేదు.

ఇక నీ ముసలివాళ్లు. పెంఫిగాయిడ్ 60 దాటాక మొదలై, వయసుతోపాటు పెరుగుతూ పోతుంది. పక్షవాతం వచ్చినవాళ్లలో, పార్కిన్సన్స్, మతిమరుపు జబ్బులున్నవాళ్లలో ఎక్కువ. చర్మంలో దెబ్బతినే ప్రొటీన్‌కి సరిపోలే రూపం మెదడులోనూ ఉండటం దీనికి ఒక కారణం కావచ్చంటారు. బొబ్బల కంటే నెలల ముందే దురద మొదలవుతుంది. గజ్జి మందు పూసి పూసి విసిగిపోయి వస్తారు. అలాంటి తాతగారు వస్తే మందుల సంచి మొత్తం బల్ల మీద బోర్లించమను. అందులో షుగరుకి వాడే గ్లిప్టిన్ మాత్ర, ముఖ్యంగా విల్డాగ్లిప్టిన్, ఉందేమో చూడు. మాత్ర మొదలుపెట్టి ఏడాది దాటిందని దాన్ని వదిలెయ్యకు, అన్నాళ్ల తర్వాత కూడా బొబ్బలు రావచ్చు. అలాగని నువ్వే ఆపించెయ్యకు, షుగరు డాక్టరుతో మాట్లాడి మార్పించు.

గర్భిణుల్లో నెలలు నిండేకొద్దీ బొడ్డు చుట్టూ దురదతో మొదలయ్యేదొకటి, పసిపిల్లల్లో ముత్యాల దండలా గుండ్రంగా పొక్కేదొకటి ఉన్నాయి. వాటి గురించి ఇంకోసారి రాస్తాను.

బ్రెజిల్ సంగతి మాత్రం ఇప్పుడే చెప్పాలి. అక్కడ పల్లెల్లో పెంఫిగస్ ఫోలియేషియస్ అనే రకం స్థానికంగా పాతుకుపోయింది. వాళ్లు దాన్ని 'ఫోగో సెల్వాజెమ్' అంటారు, అడవి మంట అని అర్థం. పొలాల్లో తిరిగే పడుచువాళ్లకీ పిల్లలకీ వస్తుంది. లిమావ్ వెర్డే అనే తెరేనా తెగవాళ్ల ఊళ్లో నూటికి దాదాపు ముగ్గురికి ఉన్నట్టు తేలింది. కుట్టే ఈగల లాలాజలం మీద అనుమానం ఉంది. ఊళ్లు పట్టణాలయ్యేకొద్దీ జబ్బు వెనక్కి తగ్గింది. కాబట్టి జన్యువు సగం కథే, రోగి బతికే చోటు కూడా అడుగు.

ప్రాణం మీదికి ఎవరికొస్తుంది అన్నది వేరే ప్రశ్న. స్టిరాయిడ్లు రాకముందు పెంఫిగస్ వచ్చినవాళ్లలో ఎక్కువమంది చనిపోయేవారు. 1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ పస్రిచాగారు దీనికి పల్స్ చికిత్స మొదలుపెట్టారు, ఇప్పుడు రిటుక్సిమాబ్ అనే మందు ఉంది. ఇవాళ నాకు భయం, కాస్త తగ్గగానే మందు మానేసేవాళ్ల గురించీ, షాపులో స్టిరాయిడ్ కొనుక్కుని ఏళ్ల తరబడి మింగేవాళ్ల గురించీ. ఒకరికి జబ్బు తిరగబెడుతుంది, ఇంకొకరి పుండ్లలో చీము పట్టి రక్తానికి పాకుతుంది.

ఆ అరటాకుల ఆవిడ కోలుకుని ఇంటికెళ్లింది. నెల తర్వాత కూతురొచ్చి, అమ్మకి కంచం, గ్లాసు వేరు చేశామంది. ఇది అంటుకునేది కాదమ్మా, ఒకే కంచంలో తిన్నా ఏమీ కాదన్నాను. "మరి నాకూ వస్తుందా?" అంది. ఒకే ఇంట్లో ఇద్దరికి రావడం చాలా అరుదు, నోటిపూత వచ్చి తగ్గకపోతే మాత్రం నా దగ్గరికి రా అన్నాను. గుమ్మం దాటబోతుంటే వెనక్కి పిలిచి, అమ్మకి ఆవకాయ మాత్రం ఇంకో మూణ్ణెల్లు వడ్డించొద్దని చెప్పాను.

ఇట్లు,
పెదనాన్న