మదర్‌బోర్డు నెట్‌వర్క్‌కు లినక్స్‌లో డ్రైవర్ వెతుక్కోవడం ఎలా?



వార్షికోత్సవ సంచికకు పదిమందికీ పనికొచ్చేది ఏదైనా రాయమని వార్డెన్ గారు అడిగారు. మన హాస్టల్ కంప్యూటర్ దగ్గర మేము పడిన తిప్పలనే పాఠంగా రాస్తున్నాము.

పూర్వ విద్యార్థులందరూ తలా కొంత వేసుకుని కొన్న కంప్యూటర్ అది. విండోస్ కొనే డబ్బు మిగలలేదు. మా దగ్గరున్న పెన్‌డ్రైవ్‌తో ఉబుంటు 18.04 ఎక్కించాము. తెర వచ్చింది, తెలుగు అక్షరాలు కూడా వచ్చాయి. వార్డెన్ గారి గదిలోని రూటర్ నుంచి కేబుల్ లాగి పెట్టాము. నెట్ మాత్రం రాలేదు.

అప్పటికి ఒక తమ్ముడి పీజీ ప్రవేశ పరీక్ష దరఖాస్తుకు మూడు రోజులే గడువుంది. ఫొటో, సంతకం అడిగిన సైజుకు తగ్గించడం ఫోన్‌లో కుదరలేదు. నెట్ సెంటర్‌కు వెళ్లిరావాలంటే బస్సు ఛార్జీలతో పాటు ఒక రోజు పోతుంది. వాళ్ల నాన్న వేటకు వెళ్తేనే ఇంట్లోకి డబ్బు. ఆ ఖర్చు ఎంతో మనకందరికీ తెలిసిందే.

టౌనులో ఒక షాపతనికి చూపిస్తే, "సముద్రపు గాలికి పోర్టు పోయింది, కొత్త కార్డు వేయించుకోండి" అన్నాడు. మేము తలూపి వచ్చేశాము. మేము ముగ్గురం. ముగ్గురి ఇళ్లలోనూ డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే. "ఎలా తెలిసింది అన్నా?" అని అడిగితే ఇంత చదివి ఇది కూడా తెలియదా అంటాడేమోనని సిగ్గుపడ్డాము. ఆ సిగ్గుతో ఒక రోజు పోయింది.

డ్రైవర్ అంటే ఏమిటి?

మదర్‌బోర్డు మీద నెట్‌వర్క్ కోసం ఒక చిన్న చిప్పు ఉంటుంది. దానితో మాట్లాడే ప్రోగ్రామే డ్రైవర్. విండోస్‌లో ఒకప్పుడు చాలాసార్లు బోర్డుతో వచ్చిన సీడీ నుంచి డ్రైవర్ ఎక్కించేవాళ్లం. లినక్స్‌లో అలా కాదు. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన కెర్నెల్‌లోనే వేలాది పరికరాల డ్రైవర్లు కలిసి వస్తాయి. అందుచేత ముందు అడగవలసింది "డ్రైవర్ ఎక్కడ దొరుకుతుంది?" అని కాదు, "నా చిప్పు ఏది?" అని.

చిప్పును ఎలా గుర్తించాలి?

హాస్టల్లో వెంకటేశ్వర్లు పేరుతో నలుగురుంటే అడ్మిషన్ నంబరుతో పిలుస్తారు కదా! చిప్పులకూ అలాంటి నంబరు ఉంటుంది. బోర్డు అట్టపెట్టె మీద పేరు చూసి వెతికితే దారి తప్పుతాము. ఈ వరుసలో చూడండి. ఆదేశాలన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే టైపు చేయాలి.

1. కేబుల్ మార్చి చూడండి. మన తీరంలో ఉప్పుగాలికి లోహపు కాళ్లు తుప్పు పడతాయి, కాబట్టి పోర్టును కూడా పరిశీలించండి. బయోస్‌లో ల్యాన్ ఆపివేసి ఉందేమో చూడండి.

2. టెర్మినల్ తెరిచి ఎల్‌ఎస్‌పీసీఐ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, చిన్న గీత, దాని వెంటనే రెండు ఎన్‌లు కొట్టండి. ఈథర్‌నెట్ కంట్రోలర్ అన్న వరుస చివర బ్రాకెట్లలో రెండు భాగాల నంబరు కనిపిస్తుంది. మొదటిది కంపెనీది: 10ఈసీ అంటే రియల్‌టెక్, 8086 అంటే ఇంటెల్. రెండవది చిప్పుది. ఆ వరుస కనిపించిందంటే చిప్పు కెర్నెల్‌కు కనబడుతున్నట్టే.

3. అదే ఆదేశాన్ని రెండు ఎన్‌ల బదులు కె అక్షరంతో కొట్టండి. ఆ చిప్పు కింద వాడుకలో ఉన్న డ్రైవర్ పేరు రావాలి. రాకపోతే చిప్పును చూసుకునే డ్రైవర్ లేదన్నమాట.

4. డీమెసేజ్ ఆదేశం డీ-ఎం-ఈ-ఎస్-జీ అని ఐదు అక్షరాలు. ముందు సుడో చేర్చి కొట్టండి. ఫర్మ్‌వేర్ దొరకలేదన్న సందేశం ఉంటే డ్రైవర్ ఉంది, దానికి కావలసిన ఫైలు లేదని అర్థం. డెబియన్‌లో ఈ ఇబ్బంది ఎక్కువగా ఉండేది. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఆ ఫైళ్లను ఇన్‌స్టాలర్‌లోనే ఇస్తున్నారు.

మా కంప్యూటర్‌లో ఏం తేలింది?

నంబరు 10ఈసీ, 8125 అని వచ్చింది. పోర్టు పోలేదు! డ్రైవర్ పేరు మాత్రం లేదు. రియల్‌టెక్ వారి సోర్సు ఫైలు ఫోన్‌లో దించి పెన్‌డ్రైవ్‌తో ఎక్కించాము. దాన్ని తయారు చేయడానికి కంపైలర్ కావాలంది. కంపైలర్‌కు నెట్ కావాలి. నెట్‌కే కదా ఈ పాట్లన్నీ!

అసలు కారణం తేదీల్లో ఉంది. ఉబుంటు 18.04 వచ్చింది 2018 ఏప్రిల్‌లో, దాని కెర్నెల్ 4.15. ఆర్8169 అనే డ్రైవర్‌లో 8125 చిప్పును చేర్చింది 2019 నవంబరులో వచ్చిన 5.4 కెర్నెల్‌లో. 2018 హాజరు పట్టీలో 2019లో చేరిన పిల్లవాడి పేరు ఎలా ఉంటుంది? తప్పు బోర్డుది కాదు, మా పాత పెన్‌డ్రైవ్‌ది.

ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి, సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ నొక్కాము. నిమిషంలో నెట్ వచ్చింది. ముందు తమ్ముడి దరఖాస్తు పంపించాము, గడువుకు ఒక రోజు మిగిలి ఉండగానే. ఆ రాత్రే ఉబుంటు 22.04 దించుకుని, ఫైళ్లు వేరే చోట దాచుకుని, కొత్తగా ఎక్కించాము. దాని కెర్నెల్ 5.15. కేబుల్ పెట్టగానే నెట్ వచ్చింది. కొత్త కార్డు అవసరమే రాలేదు.

కొత్త కెర్నెల్‌తోనూ రాకపోతేనే కంపెనీ సోర్సు జోలికి వెళ్లండి. అలా చేసిన డ్రైవర్‌ను కెర్నెల్ మారినప్పుడల్లా మళ్లీ తయారు చేయాలి. డీకేఎంఎస్ ఉంటే అది తనంతట చేస్తుంది. సెక్యూర్ బూట్ ఉంటే సంతకం లేని డ్రైవర్‌ను లోపలికి రానివ్వదని కూడా గుర్తుంచుకోండి.

చివరిగా ఒక మాట

ఎన్‌విడియా ఎన్‌ఫోర్స్ బోర్డుల నెట్‌వర్క్‌కు ఒకప్పుడు సోర్సు బయటపెట్టిన డ్రైవర్ లేదు. కొందరు ఔత్సాహికులు ఆ చిప్పు ఎలా పనిచేస్తుందో పరిశీలించి, 2003లో సొంతంగా ఫోర్స్‌డెత్ అనే డ్రైవర్ రాశారు. తరువాత ఆ కంపెనీ ఇంజనీర్లే దానికి మెరుగులు దిద్దారు. వాళ్లకు కూడా మొదట ఏమీ తెలియదు. అడిగారు, చూశారు, తెలుసుకున్నారు.

2025 అక్టోబరులో విండోస్ 10కు మామూలు సపోర్టు ఆగిపోయింది. ఇక పాత కంప్యూటర్లు లినక్స్‌తో మన హాస్టళ్లకు ఎక్కువగా రావచ్చు. ఎవరైనా "పోయింది" అంటే తలూపకండి. ఎలా తెలిసిందో అడగండి. ఆ తర్వాత నంబరు చూడండి. తెలియదని చెప్పడానికి మేము పడిన సిగ్గు మీరు పడవద్దని కోరుతూ,

మీ అన్నలు,
పీజీ విద్యార్థులు, హాస్టల్ పూర్వ విద్యార్థులు