స్ట్రట్టునకు మరల స్లీవు: ఒక కొలతల పాఠము

మన పాఠశాలలో చదివి, నేడు మోటారు మరమ్మతు పని నేర్చుకొనుచున్న యొక యువకుడు గత సెలవులలో నా యొద్దకు వచ్చెను. అతని సంచిలో వేరొక రకపు కారునుండి తీసిన రెండు పాత స్ట్రట్టులును, వెలుపల మరలు గల రెండు అల్యూమినియం స్లీవులును ఉండెను. “అయ్యవారూ, స్లీవు స్ట్రట్టు మీదికి సులువుగా దిగినది. ఇక మా మారుతి 800 కారునకు బిగింపవచ్చును గదా?” అని యడిగెను. “దిగినది సరే, కొలిచితివా?” అంటిని. అతడు మిన్నకుండెను. ఇట్టి ఉత్సాహము మన యిండ్లలోని యువకులకు కలుగుట సహజము. కావున తలిదండ్రులును ఈ విషయమును కొంత తెలిసికొనియుండుట మేలు.

పెద్దలెరిగిన అంబాసిడరు కారునకు ముందు టార్షన్ బార్లును, వెనుక కమాను కట్టలును ఉండెడివి. 1983లో మన దేశమున వెలువడిన మారుతి 800 కారు ముందు చక్రములకు మెక్‌ఫర్సన్ స్ట్రట్టు లమర్చబడినవి. మెక్‌ఫర్సన్ అమెరికా దేశపు ఇంజనీరు. ఆయన కల్పించిన యీ యమరిక 1950లో ఇంగ్లండునందలి ఫోర్డు కార్లలో కానవచ్చెను. ఇందు స్ప్రింగు బరువును మోయును. లోపలి షాక్ అబ్సార్బరు ఊపును అణచును. స్ట్రట్టు తానే చక్రమును నిలువుగా పట్టియుంచును. కనుక ఇది అలంకారపు వస్తువు కాదు, బండికి కాలివంటిది.

మరల స్లీవు అనునది స్ట్రట్టు గొట్టముపై తొడిగెడు మరియొక గొట్టము. దాని మరలపై తిరుగు రింగు మీద స్ప్రింగు కూర్చుండును. రింగును పైకి త్రిప్పిన బండి లేచును, క్రిందికి త్రిప్పిన దిగును. అయితే రింగును త్రిప్పుటచే స్ప్రింగు గట్టితనము మారదు; బండి యెత్తు మాత్రమే మారును. దీనిని అనేకులు పొరపాటుగా గ్రహింతురు.

పరాయి కారు స్ట్రట్టును తెచ్చినపుడు మొదట నాలుగు కొలతలు తీయవలెను. మొదటిది గొట్టపు వెలుపలి వ్యాసము. వెర్నియర్ కాలిపరుతో పైన, నడుమ, క్రింద కొలువవలెను. స్లీవు వదులైన గడగడలాడి, గొట్టమును ఒరయును. రెండవది క్రింది బోల్టు రంధ్రముల వ్యాసమును, వాని నడిమి దూరమును. మూడవది పైకడ్డీ మర. అది మన బండి పైబిగింపునకు సరిపడవలెను. నాలుగవది కడ్డీ పూర్తిగా లోనికి పోయినపుడును, వెలికి వచ్చినపుడును స్ట్రట్టు పొడవు. ఇందులో ఏ యొక్కటి తప్పినను పని అక్కడనే నిలుపవలెను. రంధ్రమును ఆకురాయితో పెద్దది చేసి బోల్టును దూర్చుట ప్రాణాపాయకరము.

ఈ నాలుగును సరిపోయినను పని ముగియలేదు. ఉదాహరణమునకు ఒక స్ప్రింగు మీద 200 కిలోల బరువు పడుచున్నదనుకొందము. మిల్లీమీటరునకు 2 కిలోల చొప్పున అణగు స్ప్రింగైనచో అది 100 మిల్లీమీటర్లు అణగును. దాని స్థానమున మిల్లీమీటరునకు 4 కిలోలు కోరు గట్టి స్ప్రింగు నుంచిన 50 మిల్లీమీటర్లే అణగును. చక్రము గుంటలోనికి 80 మిల్లీమీటర్లు వ్రేలాడు స్ట్రట్టైనచో, తుది 30 మిల్లీమీటర్లలో స్ప్రింగు బిగువు కోల్పోయి, తన పీఠమునుండి తప్పిపోవచ్చును. అందులకే యట్టి చోట మెత్తని చిన్న సహాయక స్ప్రింగు నొకదానిని జత చేయుదురు. స్ప్రింగు గట్టితనము రెట్టింపైనపుడు ఊపు నణచు శక్తియు సుమారు 1.4 రెట్లు కావలెను. పరాయి కారు బరువునకు తగినట్లు చేసిన షాక్ అబ్సార్బరు దీనికి చాలక పోవచ్చును. కొడైకానలు కొండదారిలో దిగునపుడు బండి ఎగురుచు మలుపు తిరిగిన, టైరు నేలను విడుచును. బ్రేకు పట్టు తగ్గును.

పని చేయునపుడు రెండు జాగ్రత్తలు మరువరాదు. స్ప్రింగును తగిన సాధనముతో అణచి పట్టకుండ పైనట్టును విప్పరాదు; అందు దాగిన బలము మనిషిని చంపగలదు. నూనెయు వాయువును నిండిన మూతబడ్డ స్ట్రట్టుపై వెల్డింగు చేయరాదు. బిగించిన పిదప రబ్బరు దిమ్మ యున్నదా, టైరు రింగునకు తగులుచున్నదా, బ్రేకు గొట్టము లాగబడుచున్నదా యని చూచి, చక్రముల వాలును వరుసను సరిచేయింపవలెను.

చట్టము సంగతియు కలదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, తయారీదారు నిర్ణయించిన వివరములకు భిన్నముగా బండిని మార్చుటను నిషేధించుచున్నది. కావున పనికి ముందే ప్రాంతీయ రవాణా కార్యాలయమున విచారింపవలెను. బీమా వారికిని తెలుపవలెను.

ఈ మాటలు విని పిల్లల ఉత్సాహమును త్రుంచవలెనని తలపరాదు. కోయంబత్తూరు చెంత కలంగల్ గ్రామమున తెలుగు కుటుంబమున 1893లో జన్మించిన జి.డి. నాయుడుగారు యౌవనమున ఒక మోటారు సైకిలును కొని, భాగములుగా విప్పి, మరల కూర్చి యంత్రవిద్య నేర్చిరి. 1920లో పొల్లాచి, పళని పట్టణముల నడుమ బస్సు నడిపిరి. విప్పుట తప్పు కాదు. కొలువక బిగించుట తప్పు.

ఆ యువకుడు వారము తరువాత కొలతలు వ్రాసిన కాగితముతో తిరిగి వచ్చెను. స్లీవు రెండు మిల్లీమీటర్లు వదులు. క్రింది రంధ్రముల దూరము వేరు. స్ట్రట్టులను అతడు బిగింపలేదు. “కొలిచి యుండకపోతే మా నాయనను ఆ బండిలోనే కూర్చుండబెట్టి యుందును” అనెను. మీ యింట నెవరైన ఇట్టి భాగములు తెచ్చిన, తలిదండ్రులారా, కోపింపక “కొలతల కాగితమేది?” అని యడుగుడు. ఆ ప్రశ్న చాలును.